కింద పడ్డ క్లే ముద్ద

“ఇంకొక్కసారి అబద్ధమాడినవంటే మంచిగుండదు సంధ్యా! క్లే ముద్ద కింద పడేసింది నువ్వే. తీసి మల్ల రుద్దింది నువ్వే.”

పండరి అరుపుకు షెడ్డు రేకులు అదిరినట్టయింది. రోడ్డు పక్కన ఆటో ఆపుకుని టీ తాగుతున్న మనిషి ఒకసారి తలెత్తి చూసి, చూడనట్టు మళ్లీ కప్పులోకి తల దించుకున్నాడు.

సంధ్యారాణి చూపంతా షెడ్డు నడుమ నిలబెట్టిన నల్లకారు బానెట్ మీదే ఉంది. ట్యూబులైటు కాంతి పడ్డ చోట ఆరు గీతలు. ఒకదాని పక్కన ఒకటి, తిన్నగా, రెండు మూరల పొడవున. పొద్దున వాటిని మొట్టమొదట చూసింది తనే. చూసి మొగుడికి చెప్పడమే తను చేసిన నేరమైపోయింది.

“నేను డోర్లు చేసిన. నిన్న మధ్యాహ్నం మన అక్షర బడికి మీటింగుకు పోయిన. బానెట్ నువ్వు చేసినవ్,” అంది చివరికి మెల్లగా.

“అంటే తప్పు నాదంటవ్. తొమ్మిదేండ్ల నుంచి ఇదే పని చేస్తాన. కింద పడ్డ ముద్ద వాడొద్దని నాకు తెల్వదా?”

“నీకు తెలుసు. అందుకే నాకు సమజైతలేదు.”

గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అత్త భాగ్యమ్మ కల్పించుకుంది.

“ఊకో బిడ్డా. వాడు కోపంల ఉన్నడు. తప్పయిందని ఒక్క మాట అను, అయిపోతది.”

సంధ్య అత్తవైపు తిరిగింది. పెళ్లయిన పన్నెండేళ్లలో భాగ్యమ్మ ఏనాడూ కోడలి మీద లేని నింద వేయలేదు. ఇప్పుడు కూడా మాట గట్టిగానే అంది గానీ, కళ్లు మాత్రం చింతపండు పళ్లెంలోంచి పైకి లేపలేదు.

“చేయని తప్పు ఎట్ల ఒప్పుకోను అత్తమ్మా?”

బయట కాజీపేట వైపు పోయే బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

అంతలో పండరి ఫోను మోగింది. తెర వైపు చూడకుండానే ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

“ఆ సేటూ... ఆ, అయిపోయింది. నాలుగున్నరకా? రాండ్రి, రాండ్రి.”

ఫోను జేబులో వేసుకుని బయటికి నడిచాడు. గుమ్మం దాటేటప్పుడు పక్కనున్న నీళ్ల బకెట్టు కాలికి తగిలి దొర్లింది. దాన్ని తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

సంధ్య గోడ గడియారం చూసింది. రెండుంబావు.

* * *

ఆ కారు ఉప్పలయ్య సేటుది. హనుమకొండలో స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. కారు మాత్రం ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ ముచ్చటపడి కొనుక్కున్నది. యాభై రెండేళ్ల వయసులో డ్రైవింగు నేర్చుకుని, మొగుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని రామప్ప దాకా తనే నడిపించుకుపోయిన మనిషి ఆమె. పోయిన సంవత్సరం ఉన్నట్టుండి చనిపోయింది. ఆనాటి నుంచి కారు కాజీపేటలో రైలు పట్టాల పక్కనున్న వాళ్ల ఇంటి ముందే నిలబడిపోయింది. రేపు ఆమె సంవత్సరీకం. ఆ కారులోనే కాళేశ్వరం పోవాలని సేటు కోరిక.

తాళం చెవి ఇచ్చిన రోజు ఆయన అన్న మాట సంధ్యకు ఇంకా చెవుల్లో ఉంది. “కడిగిన, తుడిచిన. అయినా చెయ్యి పెడితె గరుకు గరుకుగున్నది. ఆమె ఉన్నప్పుడు అద్దం లెక్క ఉండేది. గట్ల చెయ్యిన్రి. గీత మాత్రం పడొద్దు.”

గరుకు ఎందుకో పండరి అప్పుడే చెప్పాడు. పట్టాల మీద చక్రాలు రాసుకుంటే కంటికి కనబడనంత సన్నటి ఇనుప పొడి లేస్తుంది. అది గాలికి వచ్చి పెయింటులో గుచ్చుకుంటుంది. కడిగితే పోదు. పెయింటు మీద రుద్దితే ఆ పొడిని అంటించుకుని వచ్చే జిగట ముద్ద, క్లేతోనే లాగాలి.

పెళ్లయిన కొత్తలో, నేతగాళ్ల పేట కొత్తవాడలో, మగ్గం చప్పుడు తప్ప సంధ్యకు ఏమీ తెలీదు. ఈ షెడ్డు పెట్టాక ఒక్కొక్కటీ పండరే నేర్పాడు. చేతికి సన్నటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పెయింటు మీద నిమిరితే లోపలున్న గరుకు ఎలా తెలుస్తుందో చూపించాడు. క్లేను చిన్న తుంట తీసుకుని అరచేతి వేడికి మెత్తబరచి బిళ్ల చేయాలి. జారుడు మందు బాగా కొట్టాలి, పొడి పెయింటు మీద ముద్ద ఆనించనే కూడదు. ఎండలో చేయొద్దు. గుండ్రంగా తిప్పొద్దు. బరువు పెట్టొద్దు. రెండు చేతుల వెడల్పు జాగా కాగానే ముద్ద తిప్పి చూసుకుని, మురికి పట్టిన వైపు లోపలికి మడవాలి.

“కింద పడితే?” అని అడిగింది తను ఆనాడు.

“కింద పడ్డదంటే ఇగ అది క్లే గాదు, ఉప్పు కాయితం. ఎంత పెద్ద ముద్దయినా చెత్తబుట్టలకే,” అన్నాడు పండరి. ఒకసారి కొత్త ముద్ద చేయి జారితే, తను దుమ్ము దులిపి తీయబోయిందని చేతిలోంచి లాగి విసిరేశాడు కూడా.

అలాంటి మనిషి చేతిలో ఇలా ఎందుకయింది?

సంధ్య ఫోను లైటు వేసి బానెట్ మీదికి వంగింది. వేలి గోరును ఒక్కో గీతకు అడ్డంగా మెల్లగా లాగి చూసింది. నాలుగు గీతల మీద గోరు జారిపోయింది. అవి పైపై గీతలు, పాలిష్ మెషిన్‌తో పోతాయి. మిగతా రెండింటి దగ్గర గోరు టక్కున ఆగింది.

గోరు ఆగిందంటే గీత లోతుకు దిగింది.

గీతలు పొడుగ్గా, ఎడమ నుంచి కుడికి ఒకే ఊపులో సాగాయి. తన చేయి అంత దూరం పోదు. తను జానెడు జానెడు చొప్పున చేస్తుంది. ఆ పొడుగు ఊపు పండరిది. దానికి సాక్ష్యం అక్కర్లేదు.

తప్పు చేసి తప్పించుకోవడానికి పెళ్లాం మీద నెట్టే మనిషి కాదు. పోయినేడు ఒక కారు అద్దం పగిలితే తనే ఫోను చేసి చెప్పుకున్నాడు. మరి ఇప్పుడేమయింది?

పట్టపగలు గుమ్మం పక్కనున్న బకెట్టు అతని కాలికెందుకు తగిలింది? దేనికి భయపడుతోందో ఆమెకే తెలియలేదు.

* * *

పండరి తిరిగొచ్చేసరికి పావు తక్కువ నాలుగయింది. సంధ్య పాలిష్ మెషిన్ తీసి, మెత్తటి ప్యాడ్ తగిలించి సిద్ధంగా పెట్టింది.

“తప్పెవరిదన్న గానియ్. నాలుగు గీతలు మెషిన్ తోటి పోతయి. ముప్పావు గంట ఉన్నది. పట్టుకో.”

పండరి మెషిన్ వైపు చూశాడు. ముట్టుకోలేదు.

“నువ్వు చేసిన తప్పు నేను దిద్దాల్నా?”

“నాకు మెషిన్ నేర్పలే గద నువ్వు. ఎక్కువసేపు ఒక్కకాడ పెడితె పెయింటు కాలుతదంటివి.”

“ఇప్పుడు నాకు తలనొస్తాంది.”

“నెలన్నర నుంచి మెషిన్ ముట్టుకుంటలేవు. ఏ బండి వచ్చినా కడుగుడు, క్లే పెట్టుడు. పాలిష్ అంటె రేపు రమ్మంటానవ్. ఎందుకు?”

పండరి మొహం పక్కకు తిప్పుకున్నాడు. సంధ్య గోడ దగ్గరకు వెళ్లి, అతను క్లే పెట్టుకునే డబ్బా మూత తీసింది. లోపల నిన్నటి నీలం ముద్ద ఉంది. మడతలు విప్పింది. ఒక పక్కంతా ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి. వాటి నడుమ గోధుమగింజంత కంకర తునక మెరిసింది.

ఆ ముద్దను అరచేతిలో పెట్టుకుని, ఇసుక ఉన్న వైపు పైకి ఉంచి, అతని కుడిపక్కకు వచ్చి నిలబడింది. అతను కదలలేదు. చేయి మరింత దగ్గరకు పెట్టింది. అతను రెప్ప కూడా వేయలేదు.

“ఇగో,” అంది.

పండరి ఉలిక్కిపడి తల పూర్తిగా ఇటు తిప్పాడు. తలను కొంచెం వంచి, ఎడమకన్ను ముందుకు వచ్చేలా చూశాడు.

“ఏంది?”

“ఈ ముద్ద మంచిగున్నదా? డోర్ అంచులు ఇంకోసారి చేద్దామనుకుంటాన.”

క్షణం ఆగి, “మంచిగనే ఉన్నది. చెయ్యి,” అన్నాడు.

సంధ్య కళ్ల ముందు కంకర తునక పగటి వెలుతురులో స్పష్టంగా మెరుస్తోంది.

“దీంట్ల ఇసుకున్నది. నీకు కనబడ్తలేదా?”

పండరి చేయి చాచి ముద్దను తడిమాడు. బొటనవేలికి కంకర తగిలింది. చేయి అక్కడే ఆగిపోయింది.

గడపలో చింతపండు పళ్లెం కిందపెట్టిన చప్పుడు వినిపించింది. భాగ్యమ్మ లేచి నిలబడింది.

“ఎన్ని రోజులాయె?” అంది సంధ్య.

పండరి ముద్ద మీంచి చేయి తీసేశాడు.

“రెండు నెలలు,” అన్నాడు పండరి. “కుడికన్నే. ముందుగాల్ల నల్లదారాలు ఆడినట్టుండె. తర్వాత పొగ కమ్మినట్టయింది. ఇప్పుడు పై నుంచి పరదా జారినట్టున్నది. ఎడమది మంచిగనే ఉన్నది. ఒక్క కన్నుతోటి బతుకుతలేరా ఎవ్వరు?”

“పొద్దున బిడ్డను బండి మీద ఎట్ల తీస్కపోయినవ్?”

అతను తల దించుకున్నాడు.

“చెప్పు! కాజీపేట చౌరస్తల లారీల నడుమ నా బిడ్డను ఎట్ల తీస్కపోయినవ్? రోజూ ఎట్ల తీస్కపోతానవ్?”

“నిమ్మళంగనే పోతాన...”

సంధ్య బకెట్టు బోర్లించి కూర్చుంది. పొద్దున తనే అక్షరకు జడ వేసి, నాన్నను గట్టిగా పట్టుకొమ్మని చెప్పి వెనక ఎక్కించింది. నిన్నా అంతే. మొన్నా అంతే. రెండు నెలల పొద్దులు ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందు తిరిగాయి.

“డాక్టరుకు చూపించినవా?”

జవాబిచ్చింది భాగ్యమ్మ.

“చూపించిండు.”

ఆమె చీరకొంగు ముడి విప్పింది. మడతలు మడతలుగా పెట్టిన కాగితం తీసి కోడలికి ఇచ్చింది. చెమటకు అంచులు నలిగిపోయాయి. కంటి దవాఖాన చీటీ అది. సుగర్ వల్ల కంటి వెనక నరాలు దెబ్బతిన్నాయని, లేజర్ పెట్టాలని, వారంలోగా తప్పకుండా రావాలని రాసి ఉంది. తారీఖు చూసి సంధ్య రెండోసారి చూసింది. సరిగ్గా రెండు నెలలు.

“నీకు తెలుసు,” అంది అత్తతో. “అంతా తెలిసి నన్ను తప్పొప్పుకొమ్మన్నవ్.”

భాగ్యమ్మ గడప చెక్కను పట్టుకుంది. “నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు బిడ్డా.”

“నేను పరాయిదాన్నా అత్తమ్మా?”

ముసలామె విప్పిన కొంగు ముడిని మళ్లీ వేసుకుంది.

* * *

“నడువు. ఇప్పుడే పోదాం. ఆటో పిలుస్త,” అని లేచింది సంధ్య.

“నేను రాను.”

“ఎందుకు రావు?”

“రానంటె రాను!” పండరి రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. అతని మొహంలో ఇప్పుడు కోపం లేదు. అంతసేపూ కోపం కింద దాచుకున్నది బయటపడింది. “నీకు తెల్వదు. మా బాపు తన కాళ్ల మీద తను నడుచుకుంట పోయిండు దవాఖానకు. నేనే సంచి పట్టుకుని ఎంట పోయిన. అప్పుడు నాకు పదకొండేండ్లు. కంట్ల సూది ఏసిన్రు. కట్టు విప్పినంక, ఏడున్నవ్‌రా పండరీ అన్నడు. నేను ఆయన ముందటనే ఉన్న.”

సంధ్య మామ పెద్దులును చూడలేదు. ఆయన మగ్గం మీద జంపఖానాలు నేసేవాడని, చూపు పోయాక పదకొండేళ్లు బతికాడని మాత్రం విన్నది. పండరి ఆ ముచ్చట ఎన్నడూ ఎత్తలేదు.

“పదకొండేండ్లు చెయ్యి పట్టుకుని తిప్పిన. దొడ్డికి గూడ నేనే తీస్కపోయిన. నా బిడ్డతోని గట్ల తిప్పించుకోను. పొగ కమ్మితె కమ్మనియ్. ఇంకో కన్నున్నది.”

బయట ఆటో వచ్చి ఆగింది. సంధ్య పిలవని ఆటో.

తెల్లబట్టలు, భుజాన తువ్వాల, బక్కపల్చటి మనిషి దిగాడు. ఉప్పలయ్య సేటు. నాలుగున్నరన్నవాడు నాలుగుంబావుకే వచ్చాడు.

“అయిందా పండరీ?” అంటూ నవ్వు మొహంతో లోపలికొచ్చి, నేరుగా కారు దగ్గరకు పోయాడు. డోరు మీద అరచేయి పెట్టి నిమిరాడు. కళ్లు మూసుకున్నాడు. “అబ్బ! వెన్న లెక్క చేసినవ్. గిట్లనే ఉండేది. ఆమె రోజూ పొద్దుగాల్ల గిట్లనే నిమిరేది.”

ఆయన చేయి డోరు మీంచి ముందుకు సాగుతోంది. ఆ చేయి బానెట్ చేరేలోపు చెప్పాలి. ఎవరు చేశారని చెప్పాలి? తనే అని చెబితే ఇవాళ్టికి గడిచిపోతుంది. రేపు ఇంకో కారు వస్తుంది. ఎల్లుండి పొద్దున అక్షర మళ్లీ బండెక్కుతుంది.

“సేటూ, బానెట్ మీద గీతలు పడ్డయి,” అంది.

చేయి ఆగింది. ఉప్పలయ్య మెల్లగా ముందుకొచ్చి వంగి చూశాడు. నవ్వు ఎటో పోయింది. చాలాసేపు నిటారుగా లేవలేదు.

“ఎట్ల పడ్డయి?”

“క్లే ముద్ద నేల మీద పడ్డది. దానికి ఇసుక అంటింది. పారెయ్యాలె. పారెయ్యకుంట మల్ల పెట్టినం. నాలుగు గీతలు పోతయి. రెండు లోతుకు పోయినయి.”

“ఎవరు పెట్టిన్రు?”

సంధ్య నోరు విప్పబోయింది. గోడ దగ్గర నుంచి మాట వచ్చింది.

“నేనే సేటూ,” అన్నాడు పండరి. “పొద్దంత నా పెండ్లాం మీద ఏసిన. చేసింది నేనే. ముద్ద చెయ్యి జారితె గుడ్డ మీద పడ్డదనుకున్న, ఇసుక అంటింది నాకు కనబడలే.”

“కనబడకపోవుడేంది? ఇంత పెద్ద గీతలు పడుతాంటె చేతికన్న తెల్వదా?” ఉప్పలయ్య గొంతు పెరిగింది. “వంద మందిని అడిగి నీ దగ్గరికి తెచ్చిన. గీత పడొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్తి. రేపు ఆమె...” మాట అక్కడ తెగిపోయింది. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

సంధ్య దవాఖాన చీటీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు తీసి పెట్టుకుని చదివాడు. తారీఖు దగ్గర వేలు పెట్టి, పండరి వైపు చూశాడు.

“ఇంకా పోలేదా?”

“రానంటాండు,” అంది సంధ్య. “వాళ్ల బాపుకు సూది ఏస్తెనే చూపు పోయిందట. భయపడుతాండు.”

“సూది కాదు.”

అందరూ గడప వైపు తిరిగారు. భాగ్యమ్మ కిందికి దిగి వచ్చింది. చింతపండు అంటిన చేతులు రెండూ ముందుకు పట్టుకుని, ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు నిలబడింది.

“సూది కాదురా మీ బాపు చూపు తీసింది. నేను.”

“ఏందవ్వా?”

“ఆయనకు గూడ గిసొంటి చీటీనే రాసిచ్చిన్రు. వారంల రమ్మన్నరు. మగ్గం మీద జంపఖానా సగం ఉండె. అది దించినంక పోదువు తియ్యి అన్న నేను. అది దిగినంక ఇంకోటి ఎక్కిచ్చినం. గట్ల ఎనిమిది నెలలాయె. పోయేటాళ్లకు అంతా అయిపోయింది. నువ్వు చాయ్ తెచ్చేటందుకు బయటికి పోయినవ్. పెద్ద డాక్టరు నాతోని అన్నడు, ఆర్నెల్ల ముందుగాల్ల తెస్తె చూపు నిలబడేదమ్మా అని.”

భాగ్యమ్మ కొడుకు వైపు ఒక్క అడుగు వేసింది.

“మీ బాపుకు చెప్పలే. నీకు చెప్పలే. సూది ఏస్తెనే పోయిందని నువ్వనుకుంటాంటె, అనుకోనియ్ అని ఊకున్న. ఇప్పుడు నువ్వు దవాఖానకు పోతె ఏ డాక్టరన్న ఆ మాట చెప్తడేమోనని భయపడ్డ. నా భయం కోసం నీకు రెండు నెలలు పోగొట్టిన కొడుకా.”

పండరి తల్లివైపే చూస్తున్నాడు. తల కొంచెం వంచి, ఎడమకన్ను ముందుకు పెట్టి. ఏడుస్తాడేమో, అరుస్తాడేమో అని సంధ్య చూసింది. అతను రెండూ చేయలేదు. గోడకు ఆనించిన వీపు మెల్లగా జారి నేల మీద కూలబడ్డాడు.

కాజీపేట వైపు ఎక్కడో రైలు కూత పెట్టింది.

ఉప్పలయ్య చీటీ మడిచి సంధ్యకు ఇచ్చాడు. “ఓపీ ఎన్నింటి దాక?”

“ఆరింటి దాక రాసున్నది.”

“తాళం ఏది?”

సంధ్య మేకుకున్న తాళం చెవి తీసి ఇచ్చింది. ఆయన డోరు తీసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఒకసారి బానెట్ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

“ఈ గీతల సంగతి నేను మర్వను. ఆ ముచ్చట తర్వాత మాట్లాడుదం,” అన్నాడు. “ఇప్పుడైతె ఎక్కున్రి.”

సంధ్య వంగి పండరి చేయి పట్టుకుంది. ఒకసారి లాగితే రాలేదు. రెండోసారి లాగితే లేచాడు.

“అక్షర బడి ఆటోల అయిదింటికి వస్తది,” అంది అత్తతో.

భాగ్యమ్మ తలూపింది. కొడుకు పక్క నుంచి నడిచిపోతుంటే తాకబోయి, చేతుల చింతపండు చూసుకుని ఆగిపోయింది. పండరి ఆమె వైపు తల తిప్పలేదు.

* * *

ఉప్పలయ్య బండి నెమ్మదిగా నడుపుతున్నాడు. కాజీపేట దాటి, హనుమకొండ చేరేసరికి అయిదుంబావు.

వెనక సీటులో పండరి సంధ్య చేతిని వదల్లేదు. లారీ ఎదురొచ్చిన ప్రతిసారీ అతని వేళ్లు బిగుసుకుంటున్నాయి. అది లారీకి కాదని, దవాఖాన దగ్గర పడుతున్నందుకని ఆమెకు తెలుసు. ఏదో ఒకటి చెప్పి ధైర్యమివ్వాలనుకుంది. ఏం చెప్పినా అబద్ధమవుతుందేమోనని ఊరుకుంది.

దవాఖాన వరండాలో బెంచీల నిండా మనుషులు. కొందరి కళ్ల మీద పచ్చటి గుడ్డలు. ఒక ముసలాయన తన మనవరాలి భుజం మీద చేయి వేసి, ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ నడిచిపోతున్నాడు. పండరి అది చూసి నిలబడిపోయాడు. సంధ్య అతనికీ ఆ ముసలాయనకూ నడుమ వచ్చి నిలబడి, “ఇటు,” అంది.

కిటికీ వెనకున్న సిస్టర్ చీటీ తీసుకుంది. తారీఖు చూసి కనుబొమలు ముడిచింది.

“వారంల రమ్మంటె రెండు నెలలకు వచ్చిన్రా?”

“తప్పయిందమ్మా,” అంది సంధ్య. పొద్దుట్నుంచీ తన నోట రాని మాట, ఇప్పుడు తేలిగ్గా వచ్చేసింది.

“నొప్పున్నదా? కండ్ల ముందు ఏమన్న కనబడుతానయా?”

“పరదా జారినట్టున్నదట. అంతకుముందు నల్లదారాలు ఆడినయట.”

“ఏ కన్ను?”

“కుడికన్ను,” అంది సంధ్య.

సిస్టర్ రాసుకోవడం మొదలుపెట్టింది. పండరి వేళ్లు సంధ్య మణికట్టును పట్టుకున్నాయి. ఎముక నొప్పెట్టేంత గట్టిగా.

“రెండు రాయమను,” అన్నాడు.

సంధ్యకు సరిగా వినబడలేదనిపించింది. “ఏంది?”

“రెండు కండ్లు అని రాయమను. ఎడమ కంట్ల గూడ పొద్దున్నుంచి దారాలు ఆడుతానయి. అక్షరను దింపి వస్తాంటె మొదలైనయి. ఇంటి దాక ఎట్ల వచ్చిన్నో నాకే తెల్వదు. అందుకే... అందుకే పొద్దంత నీ మీద గట్ల అరిచిన.”

సిస్టర్ కలం ఆగిపోయింది. ఆమె తలెత్తి పండరి మొహంలోకి చూసింది. మిగతాది రాయలేదు. చీటీ చేతిలో పట్టుకుని లేచి, వరండా చివరనున్న డాక్టరు గది తలుపు వైపు గబగబా నడిచింది. ఆ నడక చూసి బెంచీల మీద వాళ్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు.

తలుపు తెరుచుకుని, ఆమె వెనకే మూసుకుంది.

“ఎటు పోయింది ఆమె?” అన్నాడు పండరి.

సంధ్య ఆ మూసిన తలుపునే చూస్తూ, అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.